కాన్ఫరెన్స్ మారింది ఫుట్‌బాల్ కోసం, ఫ్లైట్లు ఎక్కేది టెన్నిస్ వాళ్లు: ఇదేం లెక్క?

పశ్చిమతీరం:
మన పిల్లలు చాలామంది ఇక్కడి కాలేజీల్లో ఉన్నారు కాబట్టి ఈ చర్చ పెడుతున్నాను. సంగతి తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా: అమెరికాలో కాలేజీ జట్లు కాన్ఫరెన్స్ అనే లీగ్‌లలో ఆడతాయి. మొదట్లో ఇవి ఇరుగుపొరుగు రాష్ట్రాల కాలేజీలు కలిసి పెట్టుకున్నవి. పసిఫిక్ వైపు వాళ్లకు ప్యాక్-12 ఉండేది. 2022 జూన్ 30న లాస్ ఏంజెలిస్ కాలేజీలు యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ ఆ లీగ్ వదిలి మిడ్‌వెస్ట్‌లో పుట్టిన బిగ్ టెన్‌కు పోతున్నామన్నాయి. 2023 జులై చివర్లో కొలరాడో బిగ్ 12 అనే ఇంకో లీగ్ దారి పట్టింది. ఆగస్టు 4న ఒక్కరోజే ఐదు కాలేజీలు లేచిపోయాయి. ఆరెగన్, వాషింగ్టన్ బిగ్ టెన్‌కి, ఆరిజోనా, ఆరిజోనా స్టేట్, యూటా బిగ్ 12కి. సెప్టెంబర్ 1న స్టాన్‌ఫర్డ్, బర్కిలీ తూర్పు తీరపు ఏసీసీలో సీటు సంపాదించుకున్నాయి. నూరేళ్లకు పైబడిన లీగ్‌లో ఇద్దరే మిగిలారు.

ఇదంతా అమెరికన్ ఫుట్‌బాల్ టీవీ డబ్బు కోసం. ఫుట్‌బాల్ జట్టు సీజన్‌లో 12 మ్యాచ్‌లు ఆడుతుంది, అందులో సగం సొంతూళ్లోనే. వారానికి ఒక్కటి, అదీ చార్టర్ విమానంలో పోయి రావడం. వాళ్లకు లాస్ ఏంజెలిస్ నుంచి న్యూజెర్సీలోని రట్‌గర్స్ దాకా పోవడం పెద్ద సమస్య కాదు. వాలీబాల్, సాఫ్ట్‌బాల్, టెన్నిస్ వాళ్ల సంగతి వేరు. వాళ్ల మ్యాచ్‌లు ఎక్కువ, బడ్జెట్ తక్కువ, మూడు గంటల టైమ్ తేడా, సోమవారం పొద్దున క్లాసు. నా వాదన ఒక్కటే: ఫుట్‌బాల్ ఎక్కడికి పోతే అక్కడికి పోనీండి, మిగతా ఆటలు దగ్గరి లీగ్‌లో ఉండాలి. 2023 డిసెంబర్‌లో అప్పటి యూసీఎల్‌ఏ ఫుట్‌బాల్ కోచ్ చిప్ కెల్లీ కూడా దాదాపు ఇదే అన్నాడు. ఫుట్‌బాల్ కోచే అన్నాక ఇంకేం కావాలి?

లెక్కల మాస్టారు:
కోచ్‌లు ఎన్నైనా అంటారు. చెక్కు రాసేది టీవీ వాళ్లు.

బిగ్ టెన్ 2023 నుంచి ఏడేళ్లకు ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీలతో 7 బిలియన్ డాలర్లు దాటిన ఒప్పందం చేసుకుంది. అందులో సింహభాగం ఫుట్‌బాల్‌దేనని ఒప్పుకుంటా. కానీ బిగ్ టెన్‌కు సొంత చానల్ కూడా ఉంది. శనివారం ఒక్కరోజు మ్యాచ్‌లతో చానల్ నడవదు. మంగళవారం రాత్రి బాస్కెట్‌బాల్ కావాలి, శుక్రవారం వాలీబాల్ కావాలి. 'ఫుట్‌బాల్ మీకు, మిగతావి మా ఇంటి దగ్గర' అని కొత్తగా చేరేవాడు చెబితే, లోపలికి రానిచ్చేవాడు ఎందుకు ఒప్పుకుంటాడు?

ఇంకో సంగతి. యూసీఎల్‌ఏ క్రీడా విభాగం 2022కి ముందు మూడేళ్లలో 100 మిలియన్ డాలర్లకు పైగా లోటులో పడింది. వెళ్లకపోతే కొన్ని ఆటలే ఎత్తేయాల్సి వస్తుందని వాళ్లు అన్నది బెదిరింపు అనుకోకండి. స్టాన్‌ఫర్డ్ అంతటి సంపన్న సంస్థే 2020లో 11 ఆటలు రద్దు చేస్తామని ప్రకటించి, పూర్వ విద్యార్థులు గోల చేస్తే మరుసటి ఏడాది వెనక్కి తగ్గింది. మీరు ఎవరి మీద జాలి పడుతున్నారో ఆ టెన్నిస్ జట్టు ఉండాలంటేనే ఆ డబ్బు కావాలి.

పశ్చిమతీరం:
మరి 2023-24లో అదే యూసీఎల్‌ఏకి మళ్లీ 51 మిలియన్లు దాటిన లోటు ఎందుకొచ్చింది మాస్టారూ? పైగా అన్న వెళ్లిపోతే చెల్లెలికి భరణం కట్టినట్టు, బర్కిలీకి ఏడాదికి 10 మిలియన్ల చొప్పున మూడేళ్లు ఇవ్వమని యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా పాలకమండలి (రీజెంట్లు) 2024 మేలో తేల్చింది. రెండూ ఒకే రాష్ట్ర విశ్వవిద్యాలయ వ్యవస్థలోవి కదా.

లెక్కల మాస్టారు:
2023-24 బిగ్ టెన్‌లో చేరకముందు ఏడాది. ఆ లోటు పాత కాపురంలోదే. 2024 ఆగస్టు తర్వాతి లెక్కలతో వాదించండి, వింటాను.

పాలూస్_కొండలు:
మీ ఇద్దరూ వెళ్లినవాళ్ల లాభనష్టాలే మాట్లాడుతున్నారు. నేను వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేశాను, బిగ్ టెన్‌కు పోయిన వాషింగ్టన్ వేరు. పుల్‌మన్ ఊరు తెలిసినవాళ్లకు తెలుసు, చుట్టూ గోధుమ చేలు తప్ప ఏమీ ఉండవు. ఫుట్‌బాల్ శనివారం వస్తే ఊళ్లో హోటల్ గది దొరికేది కాదు. ఆ ఆటే ఊరి వ్యాపారం.

పది కాలేజీలు పోయాక మిగిలింది మేమూ, ఆరెగన్ స్టేట్. పోయేవాళ్లే ప్యాక్-12 బోర్డులో కూర్చుని ఆస్తులు పంచుకునే పరిస్థితి వస్తే కోర్టుకెళ్లాం. 2023 నవంబర్‌లో విట్‌మన్ కౌంటీ జడ్జి బోర్డు అధికారం మిగిలిన ఇద్దరికే అన్నాడు. గెలిచాం, సరే. ఆడటానికి ఎవరున్నారు? ఫుట్‌బాల్‌కు మౌంటెన్ వెస్ట్ అనే పక్క లీగ్‌తో డబ్బిచ్చి మ్యాచ్‌లు పెట్టించుకున్నాం. మిగతా ఆటలు చాలావరకు రెండేళ్ల పాటు వెస్ట్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో అతిథులం. పశ్చిమతీరం గారూ, మీరు కోరుకున్న 'ఫుట్‌బాల్ ఒక చోట, మిగతావి ఇంకో చోట' పద్ధతిలో మేం బతికాం. గతిలేక బతికాం.

ఆ తర్వాత జరిగింది ఇంకా ఘోరం. మమ్మల్ని వదిలేశారని ఏడ్చిన ప్యాక్-12 పేరుతోనే 2024 సెప్టెంబర్‌లో మౌంటెన్ వెస్ట్ నుంచి బాయిసీ స్టేట్, శాన్ డియాగో స్టేట్, ఫ్రెస్నో స్టేట్, కొలరాడో స్టేట్, యూటా స్టేట్‌లను లాక్కున్నాం. మౌంటెన్ వెస్ట్ జట్లను తీసుకుంటే జరిమానా కట్టాలని మ్యాచ్‌ల ఒప్పందంలోనే ఉంది. సంతకం పెట్టింది మేమే. ఐదు కాలేజీలకు కలిపి 55 మిలియన్ డాలర్లు. అది చెల్లదని మళ్లీ మేమే కోర్టుకెక్కాం. నాకు ఇష్టమైన కాలేజీ అయినా, ఇది చూసి సిగ్గేసింది.

డాలస్_బావ:
అందరూ ఏడుపే. మా డాలస్ కాలేజీ ఎస్‌ఎమ్‌యూ కథ చెప్పనా?

1987లో ఆటగాళ్లకు దొంగచాటుగా డబ్బిచ్చారని కాలేజీ ఆటలను నియంత్రించే ఎన్‌సీఏఏ మా ఫుట్‌బాల్ మొత్తాన్ని ఒక సీజన్ మూసేసింది. తర్వాత దశాబ్దాల పాటు చిన్న లీగ్‌లలో పడి ఉన్నాం. 2023లో ఏసీసీ పిలిస్తే తొమ్మిదేళ్ల పాటు టీవీ వాటా అక్కర్లేదని ఒప్పుకుని చేరాం! అందరూ నవ్వారు. వారం తిరిగేసరికి దాతలు 100 మిలియన్ డాలర్లు పోగేశారు. 2024లో మొదటి ఏడాదే ఏసీసీ రెగ్యులర్ సీజన్‌లో ఒక్క మ్యాచ్ ఓడలేదు, ఫైనల్లో క్లెమ్‌సన్ చేతిలో 34-31తో పోయింది, అయినా జాతీయ టైటిల్ కోసం ఆడే ప్లేఆఫ్‌కు వెళ్లాం. అక్కడ పెన్ స్టేట్ మమ్మల్ని 38-10తో చితక్కొట్టింది, దాని గురించి మాత్రం అడగొద్దు. స్టాన్‌ఫర్డ్, బర్కిలీ కూడా ఏడేళ్లు 30 శాతం వాటాతోనే చేరాయి. లోపలికి రావాలంటే టికెట్ కొనాలి బాబూ.

హారిసన్‌బర్గ్ అక్క:
బావా, మీ కాలేజీకి ఆయిల్ డబ్బున్న దాతలున్నారు. లేనిచోట ఆ టికెట్ ఎవరు కొంటారు? మా జేమ్స్ మాడిసన్ యూనివర్సిటీలో విద్యార్థి ఫీజులో క్రీడల కోసమే ఏడాదికి 2,000 డాలర్లు దాటి పోతుంది. స్టేడియం మొహం చూడని పిల్లలు కూడా కట్టాల్సిందే. మేం 2022లో సన్ బెల్ట్ లీగ్‌కు మారాం. మారుతున్నామని 2021 చివర్లో చెప్పగానే పాత లీగ్ సీఏఏ ఏం చేసిందో తెలుసా? ఆ ఏడాది మిగిలిన కాన్ఫరెన్స్ టోర్నీలన్నిటికీ మా జట్లను దూరం పెట్టింది. నాలుగేళ్లు కష్టపడిన ఆఖరి ఏడాది అమ్మాయికి టోర్నీ లేదు. ఆ నిర్ణయంలో ఆమె మాట ఎవరైనా అడిగారా?

ఇప్పుడు ఫుట్‌బాల్‌లో కింది స్థాయి నుంచి పై స్థాయికి రావడానికి ఎన్‌సీఏఏ తీసుకునే దరఖాస్తు రుసుము కూడా 5 వేల డాలర్ల నుంచి 5 మిలియన్లకు పెంచారు. మాలాంటి కాలేజీలు ఇక రాకూడదనే కదా.

లెక్కల మాస్టారు:
అక్కగారు చెప్పిందాంట్లో ఫీజుల మాట నిజం. దానికి నా దగ్గర జవాబు లేదు.

కానీ ఎగ్జిట్ ఫీజు, అంటే లీగ్ వదిలేవాడు పాత లీగ్‌కు కట్టే సొమ్ము గురించి ఇక్కడ ఎవరూ మాట్లాడలేదు, అందరూ అదే అసలు ఖర్చు అనుకుంటారు. కాగితం మీద ఉన్నది ఒకటి, చివరికి కట్టేది ఇంకొకటి. మేరీల్యాండ్ ఏసీసీని వదిలినప్పుడు 52 మిలియన్లు అడిగారు, 2014లో 31.4 మిలియన్లతో తెగిపోయింది. టెక్సస్, ఓక్లహోమా ఒక ఏడాది ముందుగా ఎస్‌ఈసీ లీగ్‌కు పోవడానికి బిగ్ 12కు కలిపి 100 మిలియన్లు. అమెరికన్ కాన్ఫరెన్స్ అనే లీగ్ వదలడానికి హ్యూస్టన్, సిన్సినాటి, యూసీఎఫ్ తలా 18 మిలియన్లు, అదీ ఏళ్ల తరబడి వాయిదాల్లో. పెద్ద కాలేజీలు ఇవన్నీ కట్టగలవు. కదలనివ్వనిది గ్రాంట్ ఆఫ్ రైట్స్ అనే హక్కుల ఒప్పందం. నువ్వు లీగ్ వదిలినా నీ సొంతూరి మ్యాచ్‌ల ప్రసార హక్కు ఒప్పందం ముగిసేదాకా పాత లీగ్‌దే. టీవీ హక్కు లేని జట్టును కొత్త లీగ్ ఏం చేసుకుంటుంది? ఫ్లోరిడా స్టేట్, క్లెమ్‌సన్ కోర్టులకెక్కింది అందుకే. 2025 మార్చిలో రాజీ కుదిరింది. ఇక ఏసీసీని వదలాలంటే 2025-26లో 165 మిలియన్లు, అది ఏటా 18 తగ్గుతూ 2030-31కి 75 దగ్గర ఆగుతుంది. కట్టినవాళ్లు హక్కులు కూడా పట్టుకుపోవచ్చు.

పశ్చిమతీరం:
ఇంత లోతుగా తెలిసిన మీరు కనెక్టికట్‌ను ఎలా మర్చిపోయారు? 17 మిలియన్లు కట్టి అమెరికన్ కాన్ఫరెన్స్ వదిలి, 2020లో పాత ఇల్లు బిగ్ ఈస్ట్‌కు వచ్చారు. ఫుట్‌బాల్‌ను ఏ లీగ్‌లోనూ పెట్టలేదు. మగవాళ్ల బాస్కెట్‌బాల్ 2023, 2024 టైటిళ్లు, ఆడవాళ్లది 2025. నోటర్ డామ్ 2013 నుంచి ఫుట్‌బాల్ విడిగా, మిగతావి ఎక్కువగా ఏసీసీలో. నేను చెప్పింది సాధ్యం కాదని ఇంకా అంటారా?

లెక్కల మాస్టారు:
సాధ్యమే. నోటర్ డామ్‌కు ఎన్‌బీసీ ఒప్పందం ఉంది, కనెక్టికట్ ఫుట్‌బాల్ డబ్బు మీద ఆశ వదులుకుంది. ఆ రెంటిలో ఒకటి చేయగలిగితే మీరూ చేయొచ్చు. 1984లో సుప్రీంకోర్టు టీవీ హక్కులు ఎన్‌సీఏఏ చేతుల్లోంచి తీసేసినప్పటి నుంచి ఎవరి బేరం వాళ్లదే. ఆరెగన్ ఆ రెంటిలో ఏదీ చేయలేకే కదా పాత బిగ్ టెన్ సభ్యుల కంటే తక్కువ వాటాకు ఒప్పుకుని వెళ్లింది.

పాలూస్_కొండలు:
అంటే బలం ఉన్నవాడికే దగ్గర్లో ఆడే హక్కు. బాగుంది.

ఫ్రిస్కో_అమ్మ:
ఈ చర్చ చదివాక టెన్షన్ పట్టుకుంది. మా అమ్మాయి టెన్నిస్ ఆడుతుంది, 2027లో కాలేజీ. ఇద్దరు కోచ్‌లు మాట్లాడుతున్నారు, ఒకటి పెద్ద లీగ్, ఒకటి చిన్నది. ఏం చూసుకోవాలి?

హారిసన్‌బర్గ్ అక్క:
అమ్మా, లీగ్ పేరు పక్కన పెట్టండి. కిందటి వసంతకాలం షెడ్యూలు ఇవ్వమని అడగండి. ఎన్ని వారాంతాలు విమానం, ఎన్ని బస్సు, ఎన్ని క్లాసులు పోయాయి, పరీక్షల వారంలో ప్రయాణం ఉందా, ట్యూటర్ జట్టుతో వస్తాడా. షెడ్యూలు చూపించడానికి నసిగే కోచ్ ఉంటే ఆ కాలేజీ వదిలేయండి. ఇంకోటి, 2025 జూన్‌లో ఆటగాళ్ల చెల్లింపులపై నడిచిన హౌస్ కేసు సెటిల్‌మెంట్ వచ్చాక ఆ ఒప్పందంలోకి వచ్చిన కాలేజీల్లో ప్రతి ఆటకూ జట్టులో ఇంతమందే అని పరిమితి పెట్టారు. ఆటగాళ్లకు కాలేజీ నేరుగా ఇచ్చే డబ్బు ఆ మొదటి ఏడాది 20.5 మిలియన్ల దాకా ఉండొచ్చు, అందులో ఎక్కువ ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్‌కే పోతుంది. కాబట్టి 'ముందు చేరండి, స్కాలర్‌షిప్ తర్వాత చూద్దాం' అంటే ఒప్పుకోవద్దు. కాగితం మీద రాయించుకోండి.

లెక్కల మాస్టారు:
ఇంకొక్క ముక్క. బిగ్ టెన్ టీవీ ఒప్పందం 2029-30తో అయిపోతుంది, బిగ్ 12ది మరుసటి ఏడాది. ఏసీసీ ఎగ్జిట్ ఫీజు తగ్గడం ఆగేదీ అప్పుడే. మీ అమ్మాయి 2027లో చేరితే ఆఖరి ఏడాది 2030-31. ఆ ఏడాది ఏ లీగ్‌లో ఆడుతుందో ఇప్పుడు ఆ కోచ్‌కు కూడా తెలియదు, అడిగి చూడండి.