మొదటిసారి రిఫార్మర్ పిలాటిస్ ఇంటర్వల్ క్లాసుకు వెళ్తున్నాను, సలహా ఇవ్వండి

అందరికీ నమస్కారం. వచ్చే శనివారం పొద్దున 7 గంటలకు గచ్చిబౌలిలో క్లాసు. కాసేపు వేగంగా చేయించి, కొద్దిగా ఆపి, మళ్లీ మొదలుపెట్టే ఇంటర్వల్ పద్ధతి. నాకు యోగా, నడక అలవాటే గానీ, పిలాటిస్ వ్యాయామాలు చేయించే ఈ రిఫార్మర్ మెషీన్ ఎప్పుడూ ఎక్కలేదు.

మొన్న స్టూడియోకి వెళ్లి చూసొచ్చాను. పట్టాల మీద ముందుకీ వెనక్కీ జారే బల్ల, దాని కింద రంగురంగుల స్ప్రింగులు, పాదాలు ఆనించడానికి ఒక బార్. స్ప్రింగులు తగ్గిస్తే పని తేలికవుతుందనుకున్నాను. కానీ ప్లాంక్ లాంటివాటిలో బల్లని ఆపి ఉంచే బలం తగ్గిపోయి, పొట్ట కండరాలకు ఇంకా కష్టమవుతుందని ట్రైనర్ చెప్పారు. నా టెన్షన్ అంతా అక్కడే. ఒక రౌండ్ అవ్వగానే స్ప్రింగులు మార్చుకోమంటే కొత్తవాళ్లు అందుకోగలరా? ముందు మామూలు బిగినర్ క్లాసులు కొన్ని చేసి వెళ్లడం మంచిదా?

ఇంకోటి, మెట్లు దిగేటప్పుడు నాకు కుడి మోకాలు నొప్పి పెడుతుంది. పడుకుని జంప్‌బోర్డు (మెషీన్ చివర నిలువుగా బిగించే పలక) మీద పాదాలతో తన్ని గెంతే రౌండ్ కూడా ఉందట. ట్రైనర్‌కి ముందే చెబుతాను. మోకాలి నొప్పి ఉన్నవాళ్లు దాని బదులు ఏం చేశారో చెప్పండి.

గ్రిప్ సాక్సులు కొనేశాను. అంత పొద్దున్నే ఇడ్లీ తిని వెళ్తే ఇబ్బందా, అరటిపండు సరిపోతుందా?