ఈఆర్‌పీ ప్రాజెక్టుల్లో ఛేంజ్ మేనేజ్‌మెంట్ మీద పీజీ: ఉద్యోగం చేస్తూ చదివినవాళ్లు చెప్పండి

కొండాపూర్_కన్సల్టెంట్: కంపెనీ పనులన్నీ ఒకే సాఫ్ట్‌వేర్‌లో నడిపే ఈఆర్‌పీల్లో ఒకటైన ఎస్‌ఏపీలో, కొనుగోళ్లు, సరుకు నిల్వలు చూసే ఎంఎం భాగం మీద తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నా. 2027 చివరికి ఎస్‌ఏపీ పాత వెర్షన్ ఈసీసీకి మామూలు సపోర్ట్ ఆగిపోతుంది కాబట్టి అందరూ కొత్త వెర్షన్ ఎస్/4 హానాకు మారే హడావిడిలో ఉన్నారు. కాన్ఫిగరేషన్ చేసేవాళ్లు దొరుకుతారు, మార్పుకు జనాన్ని సిద్ధం చేసేవాళ్లే (ఛేంజ్ మేనేజ్‌మెంట్ అంటే అదే) దొరకరు. వారాంతపు ఎగ్జిక్యూటివ్ ఎంబీఏ మేలా, ఆన్‌లైన్ పీజీ మేలా? డెసర్టేషన్‌కి (కోర్సు చివరి పరిశోధన నివేదికకి) మా క్లయింట్‌నే తీసుకోవచ్చా? గో-లైవ్ (కొత్త సిస్టమ్‌లో అసలు పని మొదలవడం) అయి నాలుగు నెలలైనా అక్కడి స్టోర్స్ వాళ్లు ఇంకా పుస్తకంలోనే రాసుకుంటున్నారు. మొండివాళ్లు.

జీడిమెట్ల_స్టోర్స్: మొండివాళ్లా? మందుల కంపెనీ స్టోర్స్‌లో నాది 22 ఏళ్ల సర్వీసు. మాకు ట్రైనింగ్ ఇచ్చింది గో-లైవ్‌కి మూడు రోజుల ముందు, ఏసీ హాల్లో, మొత్తం ఇంగ్లిష్‌లో. సంతకాలు తీసుకుని వెళ్లిపోయారు. రేకుల షెడ్డులో వైఫై అందదు. గేటు దగ్గర లారీ ఆగి ఉంటుంది, స్క్రీన్ తిరుగుతూనే ఉంటుంది. రాసుకోక ఏం చేయాలి?

గోలైవ్_18: 18 గో-లైవ్‌లు చేసిన అనుభవంతో చెప్తున్నా. పుస్తకం ఉన్నంతకాలం ఎవరూ సిస్టమ్‌లోకి రారు. మొదటి రోజే లాగేసుకోవాలి. మేనేజ్‌మెంట్ గట్టిగా నిలబడితే చాలు, దీనికి పీజీ ఎందుకు?

జీడిమెట్ల_స్టోర్స్: లాగేసుకోండి సార్. ఎంట్రీ పడని బ్యాచ్ గురించి ఆడిట్‌లో అడిగితే జవాబు చెప్పడానికి మీరు వస్తారా? అప్పటికి మీరు 19వ గో-లైవ్‌లో ఉంటారు.

పాశమైలారం_క్యూఏ: కంట్రోల్ లేని (కంపెనీ అధికారిక రికార్డుల్లో లేని) పుస్తకం దొరికితే అమెరికా మందుల నియంత్రణ సంస్థ యూఎస్ ఎఫ్‌డీఏ వాళ్లు, తనిఖీలో కనిపించిన లోపాలు రాసిచ్చే ఫారం 483లో రాస్తారన్నా, అది చిన్న విషయం కాదు. అలాగని లాగేసుకున్న చోట ఏమైందో నా కళ్లతో చూశాను. పుస్తకం పోయి జేబుల్లోకి చీటీలు వచ్చాయి. అవి ఇంకా ప్రమాదం.

గోలైవ్_18: అది సూపర్‌వైజర్ల చేతకానితనం.

పాశమైలారం_క్యూఏ: ఆ సూపర్‌వైజర్‌ని నేనే. మాట చూసుకుని మాట్లాడండి.

తార్నాక_టు_గచ్చిబౌలి: నేను ఎగ్జిక్యూటివ్ ఎంబీఏ పూర్తి చేశాను. రెండేళ్ల శని, ఆదివారాలు దానికే పోయాయి, పాప మొదటి పుట్టినరోజు నాడు కూడా క్లాసులోనే ఉన్నా. నా డెసర్టేషన్ మొదటిసారి వెనక్కి వచ్చింది. సర్వేకి జవాబిచ్చిన 30 మందీ మేనేజర్లే. "వాడేవాళ్లను అడిగావా?" అన్నారు గైడ్. ఆ ఒక్క ప్రశ్నకే నా ఫీజు గిట్టింది. అడ్కార్ అనే ఛేంజ్ మేనేజ్‌మెంట్ పద్ధతిలో ఎరుక, కోరిక, జ్ఞానం, సామర్థ్యం, నిలబెట్టుకోవడం అని ఐదు వరుసగా ఉంటాయి. మనం మొదటి రెండూ వదిలేసి నేరుగా ట్రైనింగ్‌కి దూకుతాం.

గోలైవ్_18: థియరీ.

తార్నాక_టు_గచ్చిబౌలి: 1999లో హెర్షీస్ చాక్లెట్ కంపెనీకి అయింది థియరీ కాదు. కొత్త సిస్టమ్ పెట్టే 48 నెలల పనిని 30 నెలలకు కుదించి, సరిగ్గా హాలోవీన్ ఆర్డర్లు వచ్చే సీజన్ ముందు జులైలో గో-లైవ్ చేశారు. 10 కోట్ల డాలర్లకు పైగా ఆర్డర్లు పంపలేకపోయారు. గట్టిగా నిలబడే మేనేజ్‌మెంట్ అక్కడా ఉంది.

ఉప్పల్_ఫ్రెషర్: డిగ్రీ ఉంటే నేరుగా ఛేంజ్ మేనేజర్ ఉద్యోగం ఇస్తారా అన్నా?

బేగంబజార్_అకౌంట్స్: మా షాపులో ట్యాలీ పెట్టినప్పుడు నాన్నగారు ఏడాది పాటు ఖాతా పుస్తకం, కంప్యూటర్ రెండూ నడిపారు. నెలాఖరున రెండూ కలిసిన తర్వాతే పుస్తకం మూశారు. ఆయన్ని ఎవరూ బలవంతం చేయలేదు.

మౌలాలి_లెక్చరర్: ఆన్‌లైన్ అయితే ఆ కోర్సు యూజీసీ అనుమతి జాబితాలో ఉందో లేదో ముందు చూసుకోండి. క్లయింట్ డేటా వాడాలంటే రాతపూర్వక అనుమతి కావాలి, నోటిమాట చెల్లదు.

కొండాపూర్_కన్సల్టెంట్: స్టోర్స్ సార్, ఆ మాట అన్నందుకు క్షమించండి. ఒక్కటి అడుగుతాను. సిస్టమ్‌లో లేనిది మీ పుస్తకంలో ఏం రాస్తారు?

జీడిమెట్ల_స్టోర్స్: డ్రమ్ము సీలు ఎలా వచ్చింది, శాంపిల్‌కి క్యూసీ (నాణ్యత పరీక్షల విభాగం) నుంచి ఎవరు వచ్చారు, ఎన్నింటికి తీసుకెళ్లారు. మీ స్క్రీన్‌లో వీటికి గడి లేదు. ఇన్నేళ్లలో ఇది అడిగింది మీరే. మంగళవారం రండి, ఆ రోజు లారీలు తక్కువ.