తొడుగు ఊడిన సూపర్‌నోవా: నికెల్ లెక్క పతాకం దగ్గర కట్టాలా, తోక దగ్గర కట్టాలా?

కృష్ణలంక_చుక్కలు:
హైడ్రోజన్ తొడుగు పోయిన నక్షత్రం పేలితే (ఐఐబీ, ఐబీ, ఐసీ రకాల సూపర్‌నోవాలు) వెలుగునిచ్చే రేడియోధార్మిక నికెల్-56 ఎంత పుట్టిందో ఆర్నెట్ సూత్రంతో కడుతున్నాం. వెలుగు పతాకానికి (గరిష్ఠ స్థాయికి) చేరిన రోజున బయటికొచ్చే కాంతి, అదే రోజు లోపల విడుదలయ్యే రేడియోధార్మిక శక్తికి సమానం అంటుంది. పేలాక 19వ రోజున పతాకం వచ్చి, వెలుగు సెకనుకు 2×10⁴² ఎర్గులుంటే నికెల్ 0.10 సూర్య ద్రవ్యరాశులు. ఇది చాలదా?

కొండవీటి_కోట:
చాలదండీ. పతాకం పేలాక 19వ రోజు కాదు, 15వ రోజు అయితే అదే వెలుగుకి 0.08 వస్తుంది. పేలిన రోజు తేల్చడానికి, కనుగొనక ముందు రాత్రి అక్కడ ఏమీ లేదని చూపే ఫొటో ఉందా? పైగా ఆ సూత్రం టైప్ 1ఏలకి (తెల్ల మరుగుజ్జు నక్షత్రాల పేలుళ్లకి) కుదిరినట్టు వీటికి కుదరదు, నికెల్‌ని పెంచి చూపిస్తుంది. తోక (పతాకం తర్వాత వెలుగు వాలిపోయే భాగం) కొలవండి.

బ్రాడీపేట_ఫిల్టర్:
తోకంటే తేలికనుకున్నారా మాస్టారూ? నికెల్ క్షీణించి అయ్యే కోబాల్ట్-56 శక్తి అంతా లోపలే చిక్కితే వెలుగు 100 రోజులకి 0.98 మ్యాగ్నిట్యూడ్ (వెలుగు కొలమానం, అంకె పెరిగితే వెలుగు తక్కువ) పడాలి. వీటిలో ఎగిరిన పదార్థం తక్కువ, గామా కిరణాలు జారిపోతాయి, అందుకే ఇంకా జోరుగా పడుతుంది. ఆ జారుడు సవరించకపోతే నికెల్ తగ్గిపోతుంది. ఇక పతాకంలో 14 మ్యాగ్నిట్యూడ్ ఉన్నది 100 రోజులకి 17 దాపుల్లో ఉంటుంది. బెజవాడ మేడ మీద, కింద వీధి దీపాలు పెట్టుకుని, 8 అంగుళాల టెలిస్కోపుతో! పాత ఫొటోతో గెలాక్సీ వెలుగు తీసేయకపోతే తోక వాలడం మానేసి చదునుగా నిలబడుతుంది. అది నికెల్ కాదు, గెలాక్సీ.

కృష్ణలంక_చుక్కలు:
సరే, మరి ఎగిరిన పదార్థం ద్రవ్యరాశి, పేలుడు శక్తి?

కొండవీటి_కోట:
వెలుగు వక్రం (రోజులతో వెలుగు మారే గీత) వెడల్పు 12 రోజులు, వేగం సెకనుకు 9000 కి.మీ., అపారదర్శకత (పదార్థం కాంతిని ఎంత అడ్డుకుంటుందో ఆ అంకె) 0.07 చ.సెం.మీ./గ్రా. పెడితే 1.4 సూర్య ద్రవ్యరాశులు, 0.7×10⁵¹ ఎర్గులు. అపారదర్శకత 0.05 చేస్తే ద్రవ్యరాశి 2.0. ఎవరి ఇష్టం వారిది! వేగం 10 శాతం తప్పితే శక్తి మూడో వంతు తప్పుతుంది. అందుకే వేగాన్ని పతాకం రోజు వర్ణపటంలో ఇనుము 5169 ఆంగ్‌స్ట్రామ్ గీత లోయ నుంచే తీయాలి. లడఖ్ హాన్లేలోని 2 మీటర్ల చంద్ర టెలిస్కోపు లాంటిది కావాలి, మన ఊరి సామాను సరిపోదు.

బ్రాడీపేట_ఫిల్టర్:
ఒక్క మాట. 5876 దగ్గర హీలియం లోయ కనబడగానే ఐబీ (హీలియం ఉన్న రకం) అని రాసేయకండి, సోడియం గీత పక్కనే ఉంది. 6678, 7065 దగ్గర కూడా హీలియం ఉంటేనే. దారిలో దుమ్ము మింగే వెలుగు సవరణకి కూడా ఆ సోడియాన్నే నమ్మొద్దు, గీత బలంగా ఉంటే అది నిండిపోయి దుమ్ము తక్కువ చెబుతుంది. వీ (పసుపు-ఆకుపచ్చ) ఫిల్టర్‌లో 0.3 మ్యాగ్నిట్యూడ్ పొరపాటు పడితే కాంతి 32 శాతం మారుతుంది. పతాకమైనా తోకైనా దాన్నుంచి తప్పించుకోలేరు.

కృష్ణలంక_చుక్కలు:
అయితే మన వంతుకి బీ, వీ, ఆర్, ఐ ఫిల్టర్ల కొలతలు పతాకం దాటి 40 రోజుల దాకా తీసి, తోకని పెద్ద టెలిస్కోపులకి వదిలేద్దాం. పతాకం నికెల్‌ని మాత్రం "గరిష్ఠంగా ఇంత" అనే రాస్తాను.