తత్వశాస్త్రంలో ఎం.ఎ. చేసినవారికి తొలి ఉద్యోగం ఎక్కడ దొరికింది?

గుంటూరులో బి.ఎ. చివరి సెమిస్టరు చదువుతున్న మా చెల్లెలు తత్వశాస్త్రంలోనే ఎం.ఎ. చేస్తానంటోంది, అమరావతి స్తూపం దగ్గర నిలబడి నాగార్జునుడి శూన్యవాదం గురించి గంటసేపు మాట్లాడగల పిల్ల, ఆ ఆసక్తిని చంపడం నాకిష్టం లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనూ ఈ శాఖ ఉంది. తరవాత నెట్ (జాతీయ అర్హత పరీక్ష) రాసి జె.ఆర్.ఎఫ్. (పరిశోధన చేసేవారికిచ్చే భృతి) సాధించవచ్చనీ, సివిల్స్ మెయిన్స్‌లో 500 మార్కుల ఐచ్ఛికాంశంగా తీసుకోవచ్చనీ తెలుసు. ఆ రెండూ అందకపోతే ఏమిటన్నదే నాన్నగారి బెంగ. గుంటూరు, విజయవాడల్లో నేను విచారించిన డిగ్రీ కళాశాలల్లో ఆ సబ్జెక్టే లేదన్నారు. ఉద్యోగ ప్రకటనల్లో ‘ఏదైనా పి.జి.’ అన్నవే తప్ప ప్రత్యేకంగా ఈ పట్టా కోరినవి కనిపించలేదు. తత్వశాస్త్రంలో ఎం.ఎ. చేసి, పరిశోధనకు గానీ సివిల్స్‌కు గానీ వెళ్లనివారు దయచేసి చెప్పండి: ఆ పట్టాతో మీకు వచ్చిన తొలి ఉద్యోగం ఏమిటి?