ఆత్మహత్య చేసుకున్న మనిషికి సంఘం సమాధుల తోటలో చోటు ఉందా, లేదా?

గుత్తి తమ్ముడు (ప్రశ్న పెట్టినవారు)

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. వాదన కోసం పెడుతున్న ప్రశ్న కాదిది. మా ఇంట్లో జరిగింది.

మా పెదనాన్న కొడుకు, నాకు అన్న. గుత్తికి అవతల మా ఊరు. సొంతంగా ఎకరన్నర, కౌలుకు ఇంకో ఆరెకరాలు. శనక్కాయ వేస్తే వాన మొహం చాటేసింది. మూడు బోర్లు వేయించాడు, మూడింట్లోనూ దుమ్మే వచ్చింది. కౌలు కార్డు కావాలంటే పొలం ఆసామి సంతకం పెట్టాలి, ఆయన పెట్టలేదు. బ్యాంకు లోను రాలేదు. అంతా బయటి వడ్డీనే. పోయిన నెల అన్న తన ప్రాణం తనే తీసుకున్నాడు.

పోస్టుమార్టం అయి శవం ఇంటికొచ్చేసరికి సాయంత్రం ఐదు. తోటకు మోసుకుపోతే గేటుకు తాళం. తాళంచెవి ఒక సంఘపెద్ద దగ్గర ఉంది. 'ప్రాణం దేవుడిచ్చింది, తీసుకునే హక్కు మనిషికి లేదు. ఈ శవాన్ని లోపల పెడితే రేపు పిల్లలకు ఏం చెప్తాం?' అన్నారు. మా సంఘం పాస్టరు అయ్యగారు తల దించుకుని నిలబడ్డారు. పాడె కిందికి దించి గంటసేపు బతిమాలినాం. చివరకు ఫోన్ల లైట్లు వేసుకుని గోడకు బయట, కంపచెట్ల మధ్య గుంత తీశాం. పాట లేదు, వాక్యం లేదు. ఆరేళ్ల పాప మా వదిన కొంగు పట్టుకుని 'నాన్నను తాత పక్కన ఎందుకు పెట్టలేదు' అని అడిగింది.

ఇంకొక్క సంగతి చెప్పి ఆపుతా. ఏటా కోత పండుగకు మందిరంలో మొదటి మూట మా అన్నదే. చేను ఎండిపోయిన పోయినేడు కూడా ఎవరి కల్లంలోనో కొని అర మూట తెచ్చి పెట్టాడు. దాన్ని వేలం వేసి సంఘం లెక్కలో రాసుకున్నారు. నీ చేను ఎండింది కదా, ఇవి యాడనుంచి తెచ్చినావని ఒక్కరూ అడగలేదు.

ప్రాణం పవిత్రమైందని నేనూ నమ్ముతాను. మరి ఆ పవిత్రత మా అన్నకు ఏ గంటలో పోయింది? వాక్యం తెలిసినవాళ్లు చెప్పండి.

పెన్నా ఒడ్డు

తమ్ముడూ, ముందు మీ ఇంటిని దేవుడు ఆదరించాలి. చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. నేను కడప దగ్గర ఒక సంఘంలో ఇరవై ఏళ్లుగా పెద్దని. నీకు నచ్చని మాట రాయబోతున్నాను, తప్పుగా అనుకోవద్దు.

ఆదికాండం 9వ అధ్యాయం 6వ వచనంలో నరుని రక్తం చిందించకూడదని చెప్పి దేవుడు దానికి కారణం కూడా చెప్పాడు: నరుణ్ణి తన స్వరూపంలో చేశాడు కాబట్టి. ఆ స్వరూపం పక్కవాడిలో ఎంతుందో నాలోనూ అంతే ఉంది. నాది అని నేను పాడుచేసుకోవడానికి ఇది నా సొత్తు కాదు. మీరు దేవుని ఆలయమై ఉన్నారు, ఆలయాన్ని పాడుచేసేవాణ్ణి దేవుడు పాడుచేస్తాడు అని పౌలు కొరింథీయులకు రాశాడు. పైగా ఇది పశ్చాత్తాపానికి టైము మిగల్చని పాపం.

ఇదంతా పక్కన పెట్టినా నన్ను భయపెట్టే సంగతి ఇంకొకటి ఉంది. కొన్నేళ్ల కింద మా దగ్గర ఒక కుర్రవాడు ఇలాగే పోయాడు. సంఘమంతా కదిలింది. వీధి మొదట్లో ఫ్లెక్సీ, లారీడు పూలు, నాయకులు, మైకులో పొగడ్తలు. నాలుగు నెలలకు అదే వీధిలో ఇంకొకడు. రెండోవాడి తల్లి నన్ను అడిగిన మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది: 'వాడికి అంత గొప్పగా చేస్తిరి కదయ్యా, నా కొడుకు అది చూసినాడు.' అప్పటినుంచి ఇలాంటి చావుకు మర్యాద తగ్గించాలనే నా అభిప్రాయం. బతికున్న పిల్లలను కాపాడుకోవడానికే అంటున్నాను.

విచారణ ఉపదేశి

నేను కతోలికుణ్ణి, అనంతపురం వైపు ఒక విచారణలో (పారిష్‌లో) ఉపదేశిగా ఉన్నాను. మా చరిత్ర కాస్త చెప్తాను, ఎందుకంటే ఆ తాళం ఒకప్పుడు మా దగ్గర కూడా ఉండేది.

1917లో వచ్చిన మా శ్రీసభ (కతోలిక సంఘం) చట్టంలో, తెలిసి తెలిసి ప్రాణం తీసుకుని, చనిపోయే ముందు పశ్చాత్తాప సూచన ఏదీ చూపనివాళ్లకు శ్రీసభ భూస్థాపన ఇవ్వకూడదని ఉండేది. 1983లో వచ్చిన కొత్త చట్టంలో ఆ వరుస నుంచి ఆత్మహత్యను తీసేశారు. అంటే అది తప్పు కాదని తేల్చారని కాదు. 1992 నాటి మా సత్యోపదేశం (మా విశ్వాస బోధల పుస్తకం) 2280వ పేరాలో పెద్దాయన చెప్పిందే ఉంది: ప్రాణానికి మనం కాపరులం, యజమానులం కాదు. 2282లో మాత్రం తీవ్రమైన మనోవేదన, భయం మనిషి బాధ్యతను తగ్గిస్తాయని రాశారు. ఆ పక్క పేరాలో, అలా పోయినవాళ్ల రక్షణ గురించి ఆశ వదులుకోకూడదని, తనకే తెలిసిన దారుల్లో దేవుడు వాళ్లకు పశ్చాత్తాపపడే అవకాశం ఇవ్వగలడని ఉంది. శ్రీసభ వాళ్ల కోసం ప్రార్థిస్తుంది.

ప్రొటెస్టెంట్ సంఘాలకూ ఇలాంటి చరిత్రే ఉంది. ఇంగ్లండు సంఘమైన ఆంగ్లికన్ల 1662 ప్రార్థన పుస్తకంలో, తమ మీద తామే చేయి చేసుకున్నవాళ్లకు భూస్థాపన ఆరాధన వాడకూడదని ఒక సూచన ఉంది. ఇంగ్లండులో ఇలాంటివాళ్లను నాలుగు దారుల కూడలిలో పూడ్చేవారు. 1823లో చర్చి తోటలోకి రానిచ్చారు గానీ రాత్రి తొమ్మిదికీ పన్నెండుకీ మధ్య మాత్రమే, ప్రార్థన లేకుండా. ఆ రాత్రి నిబంధన పోయింది 1882లో. గుత్తి తమ్ముడు రాసింది చదివితే అదే గుర్తొచ్చింది. ఫోన్ లైట్లలో, వాక్యం లేకుండా. ఇది వాక్యంలో నుంచి వచ్చిన ఆచారం కాదు తమ్ముడూ, మధ్యలో దొరలు చేసుకున్న ఏర్పాటు.

పెన్నా ఒడ్డు

ఉపదేశి గారూ, వివరాలకు కృతజ్ఞతలు. కానీ చట్టాలు మారినంత మాత్రాన సత్యం మారుతుందా? సంఘం కాలాన్ని బట్టి నడవకూడదు. వాక్యంలో చూపించండి.

నైట్ డ్యూటీ

అన్నా, వాక్యం తర్వాత. నేను చూసింది చెప్తాను. కర్నూలులో ఒక పెద్ద ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పదకొండేళ్లు. ఆ పని చేసి మా వార్డుకు వచ్చేవాళ్లు వారానికి ఎంతమందో. ఎక్కువమంది రైతులు, లేదా కొత్తగా పెళ్లయిన ఆడపిల్లలు.

టైము మిగల్చని పాపం అన్నారు. నాకు తెలిసిన టైము వేరు. తెల్లవారుజామున మూడింటికి, ఒకాయన, ఆలూరు వైపు మనిషి, సెలైన్ పెడుతుంటే నా చేయి గట్టిగా పట్టుకున్నాడు. గోళ్లలో ఇంకా ఎర్రమట్టి ఉంది. 'అమ్మా, తప్పు చేసినా. నా కూతురికి పరీక్షలున్నాయి. బతికించమ్మా' అన్నాడు. పొద్దున ఏడుకల్లా పోయాడు. ఆ నాలుగు గంటల్లో ఆయన ఎన్నిసార్లు ప్రభువా అన్నాడో లెక్కపెట్టలేదు. ఇలాంటివాళ్లను నేను ఒకరిద్దరిని కాదు, చాలామందిని చూశాను. బతికి ఇంటికెళ్లినవాళ్లలో కొందరు పండక్కి మిఠాయి పట్టుకుని వార్డుకొచ్చారు. చావాలని వచ్చినవాళ్లు కాదు వాళ్లు. ఆ రాత్రి ఆ బాధ ఆగాలని చూసినవాళ్లు. ఆ చివరి గంటల్లో దేవుడితో ఎవరేం మాట్లాడారో గేటు దగ్గర తాళంచెవి పట్టుకున్నవాళ్లకు ఎలా తెలుస్తుంది?

చట్టం కూడా ఇప్పుడు ఇలాగే చూస్తోంది. 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించినవాళ్లు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే ముందుగా అనుకోవాలి, కేసు పెట్టి శిక్షించకూడదు. పాత ఐపీసీలో ఆత్మహత్యాయత్నాన్ని నేరమనే 309వ సెక్షన్ ఉండేది. 2024 జూలై 1 నుంచి వచ్చిన న్యాయ సంహితలో ఆ నేరం అలా లేదు. పోలీసు స్టేషనే వదిలేసినవాణ్ణి మందిరం పట్టుకోవడం నాకు కష్టంగా ఉంది.

ఫ్లెక్సీల విషయంలో మాత్రం మీతో వంద శాతం ఏకీభవిస్తాను. పొగడకూడదు, ఎలా చేశాడో చెప్పుకోకూడదు, చనిపోతే అన్నీ తీరిపోయాయి అన్నట్టు మైకులో మాట్లాడకూడదు. ఒకరిని చూసి ఇంకొకరు అన్నది నిజమే. కానీ ఫ్లెక్సీ లేకుండా చేయడం వేరు, వాక్యం లేకుండా పూడ్చడం వేరు.

గుత్తి తమ్ముడు

అక్కా, మీరు రాసింది వదినకు చదివి వినిపించాను. ఆమె ఏమీ అనలేదు. ఫోన్ తీసుకుని మళ్లీ తనే చదువుకుంది.

కౌలు బతుకు

నేను ఎక్కువ చదువుకోలేదు. బైబిల్ మాత్రం రోజూ చదువుతాను. పెద్దాయన వాక్యంలో చూపించమన్నారు కాబట్టి రాస్తున్నాను.

సౌలు రాజు తన కత్తి మీద తానే పడి చచ్చిపోయాడు, మొదటి సమూయేలు ఆఖరి అధ్యాయం. ఫిలిష్తీయులు శవాన్ని బేత్షాను గోడకు తగిలించారు. అప్పుడు యాబేష్గిలాదు మనుషులు రాత్రంతా నడిచిపోయి, గోడమీది నుంచి శవాన్ని దించి తెచ్చి, ఎముకలు చెట్టు కింద పాతిపెట్టి, ఏడు రోజులు ఉపవాసం ఉన్నారు. ఎందుకంత తెగించారు? అంతకు చాలా ఏళ్ల ముందు అమ్మోనీయుల చేతిలో నుంచి సౌలు ఆ ఊరిని కాపాడాడు. వాళ్లు ఆ మేలు మరిచిపోలేదు. దావీదు ఆ మనుషులకు కబురు పంపి, మీరు సౌలుకు ఉపకారం చేసి పాతిపెట్టారు, యెహోవా మిమ్మల్ని ఆశీర్వదించాలి అన్నాడు. సౌలు చావు మంచిదని అనలేదు. పాతిపెట్టడం మంచిదన్నాడు.

దావీదుకు ఆలోచన చెప్పే అహీతోపెలు ఆయనకే ద్రోహం చేసి, తన మాట చెల్లలేదని ఇంటికిపోయి ప్రాణం తీసుకున్నాడు. అలాంటివాణ్ణి కూడా తన తండ్రి సమాధిలోనే పెట్టారు, రెండవ సమూయేలు 17లో ఉంది. ఆ పాప అడిగింది అదే కదా, తాత పక్కన అని.

ఆలయం వాక్యం గురించి మా పాస్టరు గారు ఒకసారి చెప్పారు. 'మీరు దేవుని ఆలయమై ఉన్నారు' అన్నచోట మూలభాషలో ఆ 'మీరు' ఒక్కడిని కాదు, సంఘమంతటినీ కలిపి అన్న మాటట. కక్షలతో కొరింథు సంఘాన్ని చీలుస్తున్నవాళ్లకు పౌలు ఇచ్చిన హెచ్చరిక అది. అలా చూస్తే ఆ గేటు దగ్గర ఆలయాన్ని ఎవరు పాడుచేశారో ఆలోచించండి. కోపంతో అంటున్నది కాదు పెద్దాయనా. నేనూ కౌలు రైతునే. రెండేళ్ల కింద ఒక రాత్రి నేనూ ఆ అంచుదాకా పోయాను. మా సంఘంలో ఒకాయన ఆ రోజు ఏదో పని మీద బర్రె సంగతి అడగడానికి వచ్చి, నా మొహం చూసి, తెల్లారేదాకా అరుగు మీదనే కూర్చున్నాడు. వాక్యమేమీ చెప్పలేదు. రెండుసార్లు టీ పెట్టించాడు.

ఫిలిప్పీ చెరసాల నాయకుడు ఖైదీలందరూ పారిపోయారనుకుని కత్తి దూసినప్పుడు పౌలు ఆ పాపానికి శిక్ష ఏంటో చెప్పలేదు. నీవు ఏ హానీ చేసుకోవద్దు, మేమందరం ఇక్కడే ఉన్నామని గట్టిగా కేకవేశాడు. మీ అన్న చేను ఎండిన రోజు ఆ కేక ఎవరూ వేయలేదు తమ్ముడూ. అదీ నా బాధ.

పెన్నా ఒడ్డు

నిన్నంతా ఇది చదువుతూనే ఉన్నాను. అహీతోపెలు సంగతి చాలాసార్లు చదివాను, తండ్రి సమాధి అన్న మాట దగ్గర ఎన్నడూ ఆగలేదు. ఆగి ఉండాల్సింది.

నేను పూర్తిగా మారలేదు. తన ప్రాణం తీసుకోవడం పాపమే అని రేపు కూడా చెప్తాను, గట్టిగా చెప్తాను, ఎందుకంటే ఇది చదివేవాళ్లలో ఈ రాత్రి ఆ అంచు మీద ఎవరున్నారో తెలియదు. వాళ్లతో ఒక్క మాట: నీ ప్రాణం అప్పుకు తాకట్టు పెట్టినది కాదు నాయనా, ఎవరినైనా లేపు. కానీ ఆ మాట బతికున్నవాడి చెవిలో చెప్పాల్సింది. శవానికి తాళం వేసి చెప్పడం నేనూ చేశాను. మా వీధిలో పోయిన ఆ రెండో కుర్రవాడి భూస్థాపనలో నేనే వాక్యం వద్దన్నాను. ఆ తల్లి ఆ తర్వాత మందిరానికి రాలేదు.

నైట్ డ్యూటీ

అలా ఉన్నవాళ్లెవరైనా చదువుతుంటే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీ మానస్ నంబరు 14416. ఏ టైములోనైనా ఎత్తుతారు, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడొచ్చు. ఇంట్లోవాళ్లకు చెప్పడానికి సిగ్గయితే ముందు అక్కడ చెప్పండి.

గుత్తి తమ్ముడు

ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దల మీటింగు పెట్టారు. గోడ బయట ఉన్న చోటనే అయ్యగారు వచ్చి వాక్యం చదివి ప్రార్థన చేస్తానన్నారు. ముగ్గురు ఒప్పుకున్నారు, ఇద్దరు లేచి వెళ్లిపోయారు. లోపలికి మార్చే సంగతి ఎవరూ ఎత్తలేదు. వదిన మాత్రం అడిగింది, శనివారం అయ్యగారు వచ్చినప్పుడు పాపను తీసుకురావచ్చా అని.

పెన్నా ఒడ్డు

నేనూ వస్తాను తమ్ముడూ, మీకు అభ్యంతరం లేకపోతే. కడప నుంచి పొద్దున్నే బయలుదేరుతాను. గుత్తి నుంచి మీ ఊరికి బస్సు ఎన్నింటికి?

గుత్తి తమ్ముడు

బస్సు ఒక్కటే అన్నా, పదిన్నరకు, అది కూడా నమ్మకం లేదు. మీరు గుత్తిలో దిగి ఫోన్ చేయండి, బండి మీద వచ్చి తీసుకుపోతాను.