బెంగళూరులో ఉంటూ చిన్న బ్రాండ్‌కి బట్టలు ఎక్కడ కుట్టించాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మేం మారతహళ్ళిలో ఉంటాం. నేనూ మా చెల్లీ కలిసి చిన్న బట్టల బ్రాండ్ పెడుతున్నాం, కాటన్ టీషర్టులు, ఆడవాళ్ళ కుర్తీలు. మొదటి విడతకి ఒక్కోటి 150 పీసులు. కొందరు తమిళనాడులోని తిరుప్పూరు వెళ్ళమంటున్నారు, కొందరు ఇక్కడే బెంగళూరులో పీణ్యలోనో బొమ్మనహళ్ళిలోనో అడగమంటున్నారు. రెండూ ఒకేచోట కుట్టిస్తే పని తేలికవుతుందా? ఇద్దరి జీతాల్లోంచే పెడుతున్నాం, అందుకే టెన్షన్.

జవాబు:
ఒకేచోట వద్దండి. ముందు గుడ్డ సంగతి చూడండి, ఊరు దాన్నిబట్టే తేలుతుంది. టీషర్టుది నిట్ గుడ్డ, అంటే స్వెటర్‌లా అల్లిన, సాగే గుడ్డ, కిలోల్లో కొంటారు, ఓవర్‌లాక్, ఫ్లాట్‌లాక్ మిషన్ల మీద కుడతారు. కుర్తీది నేత గుడ్డ, మీటర్లలో కొంటారు, మిషన్లూ వేరు, అలవాటైన చేతులూ వేరు. టీషర్టులకి తిరుప్పూరే, నూలు నుంచి ప్యాకింగ్ దాకా అన్నీ అక్కడే దొరుకుతాయి, రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి చేరతారు.

అయితే మీకు నచ్చిన రంగే వేయించాలని మొదటిసారే పట్టుబట్టకండి. టీషర్టుకి పావుకిలో వేసుకున్నా 150 పీసులకి నలభై కిలోలు దాటదు, అందులో మళ్ళీ మూడు రంగులంటే ఒక్కో రంగుకి ఎంత మిగులుతుంది? 2011లో నొయ్యల్ నది కాలుష్యం కేసులో మద్రాసు హైకోర్టు అక్కడి డైయింగ్ యూనిట్లని, అంటే గుడ్డకి రంగు వేసేవాటిని, మూయించింది, ఆ తర్వాత వాడిన నీళ్ళు బయటికి వదలకుండా శుద్ధి చేసుకుంటేనే నడపాలి, ఆ ఖర్చంతా రంగు రేటులోనే కలుస్తుంది. చిన్న లాట్‌కి ఇంకా ఎక్కువ అడుగుతారు. రంగు వేసి రెడీగా ఉన్న స్టాక్ గుడ్డ తీసుకోండి, 180 జీఎస్‌ఎం (చదరపు మీటరు గుడ్డ బరువు, గ్రాముల్లో) అయితే మన ఎండలకి బావుంటుంది.

కొనేముందు ఒక ముక్క మీద 50 సెంటీమీటర్ల చదరం గీసి, మూడుసార్లు ఉతికి ఆరేసి కొలవండి, ఎంత కుంచించుకుందో తెలిసిపోతుంది. శాంపిల్ టీషర్టూ ఉతకండి. పక్క కుట్టు మెలితిరిగి పొట్ట మీదికొస్తే, ఎంత చవగ్గా ఇచ్చినా ఆ గుడ్డ వదిలేయండి.

ఇంకొకరి జవాబు:
కుర్తీల సంగతి నేను చెప్తాను. పీణ్య, బొమ్మనహళ్ళి పెద్ద ఫ్యాక్టరీలు ఎక్స్‌పోర్టుకి వేల పీసుల లెక్కన నడుస్తాయి, 150 అంటే పట్టించుకోరు. పది పదిహేను మిషన్లున్న చిన్న యూనిట్ వెతకండి, ఆఫీసు అయ్యాక వెళ్ళి చూడగలిగేంత దగ్గర్లో. గుడ్డ చిక్‌పేటలో కొనొచ్చు, లేదా మన మంగళగిరి కాటన్ తెప్పించుకోండి, నాకైతే అదే ఇష్టం. చేనేత కాబట్టి తానుకీ తానుకీ రంగులో కొంచెం తేడా వస్తుంది, ఒక కుర్తీకి ముందూ వెనకా చేతులూ ఒకే తానులోంచి తీయమని కటింగ్ మాస్టర్‌కి ముందే చెప్పాలి.

రేటు మాట్లాడేటప్పుడు కటింగ్, కాజా బటన్, ఇస్త్రీ కలిపా విడివిడిగానా అడగండి. ఎన్ని మీటర్లకి ఎన్ని కుర్తీలు రావాలి, పాడైన పీసు ఎవరు భరించాలి, ఇవి కాగితం మీద ఉండాలి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండి ఇద్దరికీ. శాంపిల్ ఫొటోలు వాట్సాప్‌లో చూసి ఓకే చెప్పొచ్చా? దీపావళికి అమ్మకాలు మొదలుపెట్టాలని ఉంది.

మొదట జవాబిచ్చినవారు:
వద్దండి, ఫొటోలో గుడ్డ మందం, కుట్టు బిగువు తెలియవు. చేత్తో పట్టుకుని చూడండి, ఓకే చేసిన శాంపిల్ మీద సంతకాలు పెట్టి ఒకటి మీ దగ్గర, ఒకటి వాళ్ళ దగ్గర ఉంచండి. దీపావళికి తిరుప్పూరు పనివాళ్ళు సొంతూళ్ళకి వెళ్ళిపోతారు, అంతకుముందు వారాల్లో పెద్ద ఆర్డర్ల హడావిడిలో మీలాంటి చిన్న ఆర్డరే వెనక్కి పోతుంది. వినాయక చవితికల్లా సరుకు చేతికొచ్చేలా మాట్లాడుకోండి.