ర్యాపిడ్ కార్డులో గీత ముదురుగా వస్తే యాంటీబాడీలు ఎక్కువున్నట్టేనా?

ప్రశ్న:
ఐజీఎం, ఐజీజీ అనే రెండు రకాల యాంటీబాడీలకు గీతలు వేరువేరుగా ఉండే డెంగీ క్యాసెట్ (ర్యాపిడ్ కార్డు) ఇది. ఒకే రోగికి వారం తేడాతో చేస్తే రెండోసారి జి (ఐజీజీ) గీత బాగా ముదిరింది. టైటర్ (పలచన చేసి కొలిచే యాంటీబాడీల స్థాయి) పెరిగిందని రిపోర్టులో రాయొచ్చా? సీరమ్‌లో సమానంగా సెలైన్ కలిపి చూసినా గీత తగ్గలేదు. ఎందుకు?

జవాబు 1:
రాయకూడదండీ. ‘ఐజీజీ పాజిటివ్’ అని మాత్రమే రాయండి. ఇలాంటి చాలా కార్డుల్లో రంగునిచ్చే సన్నటి బంగారు కణాలకు వైరస్ యాంటీజెన్ (యాంటీబాడీ అంటుకునే వైరస్ భాగం) అంటించి ఉంటుంది. జి గీత మీద ఉండేది మనిషి ఐజీజీని పట్టే యాంటీబాడీ. అది డెంగీ ఐజీజీ ఒక్కదాన్నే పట్టదు, దొరికిన ఐజీజీనంతా పడుతుంది. సీరమ్‌లో ఐజీజీ లీటరుకు దాదాపు 7 నుంచి 16 గ్రాములుంటుంది కాబట్టి 10 మైక్రోలీటర్లకే గీత నిండిపోతుంది. అలా పట్టుకున్నదాంట్లో డెంగీ ఐజీజీ వాటా ఎంతో, రంగు అంత. సెలైన్ పోస్తే డెంగీ ఐజీజీ, మొత్తం ఐజీజీ రెండూ కలిసే తగ్గుతాయి, వాటా మారదు. మీకు గీత తగ్గకపోవడానికి కారణం అదే. గీత మీదా బంగారం మీదా యాంటీజెనే ఉండే కార్డుల్లో ఈ చిక్కు రాదు. మీది ఏ రకమో కిట్‌తో వచ్చే కాగితంలో చూడండి.

జవాబు 2:
పోల్చి చూడాలనే ఉంటే నెగెటివ్ సీరమ్‌తో (డెంగీ యాంటీబాడీలు లేని సీరమ్‌తో) పలచన చేయండి. అప్పుడు మొత్తం ఐజీజీ అలాగే ఉండి, డెంగీ వాటా మాత్రమే తగ్గుతుంది. అయిదు ట్యూబుల్లో 100 మైక్రోలీటర్ల చొప్పున అది పోసి, మొదటిదాంట్లో రోగి సీరమ్ 100 కలిపి, అందులోంచి 100 తీసి రెండోదాంట్లోకి, అలా చివరిదాకా. 1:2 నుంచి 1:32 వరకు వస్తాయి. మొదటి శాంపిల్‌ను మైనస్ 20లో దాచి, రెండింటినీ ఒకే రోజు, ఒకే లాట్ కార్డులతో చేయాలి. ఒక ట్యూబు తేడాను లెక్కలోకి తీసుకోకండి, కొలిచేటప్పుడు చేతి తేడాల వల్లే అంత వస్తుంది. రెండు ట్యూబులు, అంటే నాలుగు రెట్లు తేడా ఉంటేనే పెరిగిందనుకోండి. అయినా అది మీ అంచనాకే. రిపోర్టులో టైటర్ కావాలంటే రెండు శాంపిళ్లనూ పెద్ద ల్యాబ్‌కు పంపాల్సిందే.

కిట్ కాగితంలో చెప్పిన టైము దాటాక కార్డు చదవొద్దు. పొర ఆరేకొద్దీ లేని గీత కూడా కనిపిస్తుంది.

జవాబు 3:
వేలి రక్తంతో చేస్తే ఇంకో తిరకాసుంది. 20 మైక్రోలీటర్ల రక్తంలో ప్లాస్మా దాదాపు 11 ఉంటుంది. డెంగీలో రక్తం చిక్కబడి హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా) పెరిగితే అదీ తగ్గుతుంది. స్పిరిట్ పూర్తిగా ఆరనివ్వండి, మొదటి బొట్టు తుడిచేయండి, వేలు పిండొద్దు. పిండితే కణజాల ద్రవం కలుస్తుంది. సి (కంట్రోల్) గీత వచ్చింది కదా అని నిశ్చింతగా ఉండొద్దు. చాలా కార్డుల్లో ఉత్త బఫర్ పోసినా సి గీత వస్తుంది. అంటే రక్తం సరిపడా పడిందో లేదో అది చెప్పదు.